గుర్రాల క్లాసు, పూల క్లాసు

ఆ ఏడు జనవరి నుంచి మార్చి దాకా వారానికి మూడు రోజులు నేను మా అమ్మాయిని కాలేజీలో దింపి, సాయంత్రం ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. పోను యాభై మైళ్ళు, రాను యాభై. మారిట్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నడక సరిగ్గా రాకముందే గుర్రమెక్కిన పిల్ల, పన్నెండేళ్ళకే పొలంలో ట్రక్కు నడిపిన పిల్ల. అలాంటిది పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. అంతకుముందు సెప్టెంబరు చివర్లో దానికి రెండోసారి మూర్ఛ వచ్చింది. ఆరు నెలలు మళ్ళీ రాకపోతేనే లైసెన్సు తిరిగిస్తామన్నారు.

ఆ సెప్టెంబరుకి ముందు నెల, ఆగస్టులో, మా ఆవిడ లవోన్ పోయింది. గడ్డి కోతల రోజులు. మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఉండగా మెదడులో నరం చిట్లింది.

అక్టోబరులో ఆవుల్ని అమ్మేశాను. మా తాత మొదలుపెట్టిన మంద. లారీల్లోకి ఎక్కిస్తుంటే కంచె దగ్గర నిలబడి చూశాను. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాను కూడా. ఏమీ అనిపించలేదు. లోపలికెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. చల్లారిపోయాక తాగాను. చల్లారిందన్న సంగతి కప్పు కడిగేటప్పుడు తెలిసింది.

మారిట్ చేరింది గుర్రాల సంరక్షణ కోర్సులో. దాణా, గిట్టలు, రోగాలు, ఈతలు, అన్నీ నేర్పుతారు. మొదటి రోజు దాని మాస్టారు టాలివర్ మమ్మల్నిద్దర్నీ గుర్రపుశాల పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టాడు. ఆయనా ఒకప్పుడు గుర్రాల పందేల్లో నడుం విరగ్గొట్టుకున్న మనిషే. ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు.

"డాక్టరు చీటీ చూశాను. బానే ఉంది," అన్నాడు మారిట్‌తో. "కానీ మళ్ళీ ఫిట్స్ వస్తే ఆ రోజే నాకు చెప్పాలి. ఇక్కడొచ్చినా, ఇంట్లో వచ్చినా. సంతకం పెట్టు."

మారిట్ పెట్టింది. ఆయన కాగితం నావైపు తిప్పాడు.

"నువ్వూ పెట్టు హాల్వర్. ఇంట్లో ఏం జరుగుతుందో నాకేం తెలుస్తుంది?"

నేనూ పెట్టాను.

మొదటి రెండు వారాలు దాన్ని దింపేసి, ఇంజను ఆపకుండా ట్రక్కులోనే కూర్చునేవాణ్ణి. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు దిగువన ఉండేది చలి. అద్దం లోపలివైపు కూడా మంచు పట్టేది. నేను దాన్ని గీకేవాణ్ణి కూడా కాదు. ఒకరోజు ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. దించితే, చెవులదాకా ఉన్ని టోపీ లాక్కున్న పెద్దావిడ. ఆర్డిస్. ఊళ్ళో నలభై ఏళ్ళు పూల దుకాణం నడిపి, అది అమ్మేసి, ఇప్పుడు కాలేజీలో పూల అలంకరణ నేర్పుతోంది.

"ఇంజను వేసుకుని నిద్రపోతే పొగకి చస్తావు, తెలుసా?"

"నిద్రపోవట్లేదండీ."

"కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నావు, అది ఇంకా ఘోరం. దిగు. నా వ్యానులో బకెట్లున్నాయి, లోపలికి మొయ్యాలి. నా మోకాళ్ళు పనిచెయ్యట్లేదు."

దిగి మోశాను. పదకొండు బకెట్లు, నీళ్ళలో పూలు. గదిలో పొడుగాటి బల్లల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. చివరి బకెట్టు దించి వెళ్ళబోతుంటే ఆర్డిస్ ఒక కాగితం నా ముందుకి తోసింది.

"ఎనిమిది మంది లేకపోతే శుక్రవారం ఈ క్లాసు ఎత్తేస్తారు. నాకు ఏడుగురే ఉన్నారు. పేరు రాయి."

"నాకు పూల గురించి ఏమీ తెలీదండీ."

"తెలిసినవాళ్ళకి క్లాసెందుకూ?"

బల్ల దగ్గరున్న వాండా, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి, నన్ను ఎగాదిగా చూసి, "రాసెయ్ హాల్వర్, నువ్వు కాదంటే నేను మళ్ళీ ఇంటికెళ్ళి మా ఆయన మొహం చూడాలి," అంది. అందరూ నవ్వారు. రాశాను. ఇష్టపడి కాదు, కాదనాలంటే ఏదో ఒకటి అనిపించాలి కదా, అదేమీ లేక.

ఆ సాయంత్రం ట్రక్కులో మారిట్‌కి చెప్పాను. అది సీట్లో నావైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"నువ్వా? పూలా? నాన్నా, నిజం చెప్పు."

"బయట చలిగా ఉంది."

"నీకు చలి ఎప్పటినుంచి తెలుస్తోంది?" అని నవ్వింది. ఆగస్టు తర్వాత అది నవ్వగా వినడం అదే మొదలు. విన్నానని మాత్రం నాకు గుర్తుంది. సంతోషపడ్డానని చెప్పలేను.

పూల పనిలో మొదట నేర్పేది కొయ్యడం. కాడని ఏటవాలుగా కొయ్యాలి, అప్పుడే నీళ్ళు బాగా తాగుతుంది. కింది ఆకులు తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళలో కుళ్ళిపోతాయి. తర్వాత తీగ చుట్టడం. గులాబీ తల బరువుకి వాలిపోకుండా సన్నటి ఇనప తీగ గుచ్చి, కాడ వెంబడి చుట్టి, పైన పచ్చ టేపు వేస్తారు. ముప్ఫై ఐదేళ్ళు ముళ్ళకంచె బిగించిన చేతులు నావి. ఆ తీగ నా వేళ్ళకి దారంలా ఉండేది. తొందరగానే పట్టుబడింది. కాకపోతే నేను చేసినవి చూసి వాండా, "ఇది పూలగుత్తా, ఆవులు దాటకుండా వేసిన కంచా?" అనేది.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్ల కార్నేషన్లతో చిన్న గుండ్రటి గుత్తి చేస్తున్నాను. సగానికి పైగా అయింది. ఆర్డిస్ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"నెప్పి తెలీట్లేదా నీకు?"

చూసుకుంటే ఎడమ బొటనవేలు నిలువునా కోసుకుపోయి ఉంది. కిందనున్న కార్నేషన్లు అయిదారు ఎర్రగా అయ్యాయి. బల్ల మీద కూడా ఉంది రక్తం. ఎంతసేపైందో మరి. నన్ను సింకు దగ్గరికి తీసుకెళ్ళి, కుళాయి కింద పెట్టి, గుడ్డ చుట్టింది. మిగతావాళ్ళు తమ పని చేసుకుంటున్నారు. కుళాయి చప్పుడులో అడిగాను, ఎందుకడిగానో తెలీదు.

"లవోన్ శవపెట్టె మీద ఏం పూలు పెట్టారు? మీ దగ్గరనుంచే వచ్చాయి కదా?"

"నువ్వు చూళ్ళేదా?"

"ముందు వరసలోనే కూర్చున్నాను. గుర్తులేదు."

ఆర్డిస్ గుడ్డకి ముడి వేసింది. "అప్పటికింకా దుకాణం నాదే. ఫోను చేసి, ఏవుంటే అవి పెట్టండి, అన్నావు. ఏవుంటే అవి పెట్టలేదు నేను. తెల్ల లిల్లీలు. నీలం డెల్ఫీనియం. మధ్యలో గోధుమ కంకులు. మీ ఆవిడ ప్రతి ఈస్టరుకీ లిల్లీలు కొనేది, అందుకని."

"అవునా," అన్నాను. ఆమె ఈస్టరుకి లిల్లీలు తెచ్చేదని ఇరవై మూడేళ్ళు కాపురం చేసిన నాకు తెలియాలి. తెలిసే ఉంటుంది.

మధ్యాహ్నం నా క్లాసు అయిపోయాక మారిట్‌ది ఇంకా గంట ఉండేది. మైదానం దాటి గుర్రపుశాలకి వెళ్ళి కంచె బయట నిలబడేవాణ్ణి. దానికి ఒక చూడి గుర్రాన్ని అప్పగించారు. ముదురు గోధుమరంగుది, పేరు జునిపర్. మనుషులంటే పడదు దానికి, చెవులు వెనక్కి పెట్టి చూసేది. మారిట్ మాత్రం దాని మెడ కింద దూరి, వెనక్కాలు ఎత్తి తన తొడమీద ఆనించుకుని, వంగి, గిట్టలో ఇరుక్కున్న మంచునీ పేడనీ కొక్కెంతో తీసేది. అయిదు వందల కిలోల గుర్రం కింద నా కూతురి నడుము.

"చూశావా?" అనేవాడు టాలివర్ పక్కకొచ్చి. "నాకు ఆ గుర్రం కాలివ్వదు. దీనికిస్తుంది. చేతుల్లో ఉంది అది. నేర్పితే వచ్చేది కాదు."

జునిపర్ ఫిబ్రవరి ఆఖరున ఈనింది, పట్టపగలు, రెండు గంటలకి. నేను వెళ్ళేసరికి పిల్ల గడ్డిలో పడుంది, తడిసి, కాళ్ళన్నీ నాలుగు వైపులకీ పెట్టుకుని. మారిట్ మోకాళ్ళ మీద కూర్చుని గోనెగుడ్డతో దాన్ని రుద్దుతోంది. తలెత్తి నన్ను చూసి, "ఆడపిల్ల నాన్నా!" అంది. మొహం వెలిగిపోతోంది. లవోన్ మొహంలాగే ఉంది. నేను చెయ్యి ఊపాను.

మార్చి పదిహేను, పొద్దున. ఆరు నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలే ఉన్నాయి. మారిట్ పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తోంది. నేను బల్ల దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. అట్లకాడ కింద పడిన చప్పుడైంది. తలెత్తితే అది కిటికీ వైపు చూస్తూ నిలబడి ఉంది, కానీ చూపు లేదు. మరుక్షణం కొయ్యబారి పడిపోయింది. నేను వెళ్ళేలోపే తల బీరువా అంచుకి తగిలి నేలకి వాలింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద నా చొక్కా పెట్టి, గడియారం చూశాను. డాక్టరు చూడమన్నాడు. ఒక నిమిషం నలభై సెకన్లు. పెనంలో గుడ్లు మాడిన వాసన.

లేచాక చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకు నాన్నా."

దాని కణత మీద కములుతున్న చోట తడిగుడ్డ పెట్టాను.

"రెండే వారాలు. రాత్రి సరిగ్గా నిద్రలేదు, అందుకొచ్చింది, అంతే. టాలివర్‌కి చెప్తే నన్ను తీసేస్తాడు. జునిపర్ పిల్లని ఇంకెవరికో ఇస్తాడు. నాకింక ఏముంది చెప్పు? నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

"సరే," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆ రోజు కూడా కాలేజీకి వెళ్ళాం. కణత మీద కమిలిన మచ్చ కనపడకుండా టోపీ కిందికి లాక్కుంది. టాలివర్ కంచె దగ్గర నన్ను చూసి, "అంతా బానేనా?" అన్నాడు. "బానే," అన్నాను. మరుసటి క్లాసుకీ వెళ్ళాం. ఆ తర్వాతి దానికీ.

నాలుగోసారి వెళ్ళిన రోజు మాకు పెద్ద పని ఇచ్చింది ఆర్డిస్. శవపేటిక మీద పరిచే పూల అలంకరణ, నాలుగడుగులది. వారంలోనే ఊళ్ళో నిజంగా ఒక పెద్దాయన అంత్యక్రియలు ఉన్నాయట, బాగా వచ్చింది అక్కడికి పంపుతానంది. నీళ్ళు పీల్చే పచ్చ స్పంజిని పళ్ళెంలో బిగించి, ముందు ఆకులు, తర్వాత పొడుగు కాడలు, చివర్లకి పోనుపోను సన్నగా. నేను గులాబీలకి తీగ చుడుతున్నాను. కిటికీలోంచి మైదానానికి అవతల గుర్రపుశాల కనిపిస్తోంది. ఇద్దరు కాలేజీ పిల్లలు జునిపర్‌ని బయటికి తెచ్చి కట్టేశారు. పక్కన దాని పిల్ల గెంతుతోంది. మారిట్ గుర్రం వెనక్కాలి దగ్గర కూర్చుంది.

పదో గులాబీకి తీగ సగం చుట్టాక కత్తెర బల్లమీద పెట్టాను. కోటు తొడుక్కోలేదు. మైదానం దాటి వెళ్ళాను. టాలివర్ దాణా గది ముందు బస్తాలు దించుతున్నాడు.

"పదిహేనో తారీకు పొద్దున వచ్చింది," అన్నాను. "వంటింట్లో. వంద సెకన్లు."

ఆయన బస్తా కింద పెట్టాడు. నన్ను కోప్పడతాడనుకున్నాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "అమ్మాయికి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అన్నాడు.

"నేను."

మారిట్ దగ్గరికెళ్ళేసరికి అది నన్ను చూసి, కోటు లేకపోవడం చూసి, టాలివర్ వైపు చూసింది. గుర్రం కాలు మెల్లగా దించింది. కొక్కెం నా చేతికిచ్చింది. శాల దాటాక ఆగి, వెనక్కి తిరక్కుండా అంది.

"అమ్మయితే చెప్పేది కాదు."

"అవును," అన్నాను.

నేను తిరిగి క్లాసుకి వెళ్తే నా గులాబీలు అక్కడే ఉన్నాయి. ఆర్డిస్ కుర్చీ జరిపింది. "కూర్చో, సగంలో వదలకు," అంది. కూర్చుని పూర్తి చేశాను. అంత్యక్రియలకి వాండా చేసింది పంపారు.

మారిట్ ఆ వారమే బట్టలు సర్దుకుని ఊళ్ళో మా అక్క కోరా ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడనుంచి కాలేజీకి నడిచి వెళ్ళొచ్చు. టాలివర్ దాన్ని తీసెయ్యలేదు. గుర్రాల దగ్గరికి మాత్రం రానివ్వకుండా, టీకాల పట్టికలూ దాణా లెక్కలూ రాయించాడు. ఆ కోర్సు మారిట్ ఒక ఏడాది ఆలస్యంగా పూర్తి చేసింది. ఇప్పుడు వయోమింగ్ రాష్ట్రంలో గుర్రాల ఆసుపత్రిలో పని చేస్తోంది. అది తర్వాతి మాట. అప్పుడు మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది.

దింపడానికి ఎవరూ లేకపోయినా వారానికి మూడు రోజులు అదే దారిన వెళ్ళి పూల క్లాసులో కూర్చునేవాణ్ణి. ఇంటికొస్తే వంటింట్లో తప్ప దీపం వేసేవాణ్ణి కాదు. బ్రెడ్డు, చల్లటి మాంసం, నిలబడే తినేవాణ్ణి. ఏప్రిల్లో మంచు కరిగి రోడ్లు బురదయ్యాయి. పక్క పొలాలవాళ్ళ ఆవులు ఈనుతున్నాయి. నా కొట్టం ఖాళీగా ఉంది.

మే మొదటి వారంలో కోరా ఫోను చేసింది. మారిట్‌ని బిల్లింగ్స్ పట్నంలో నరాల డాక్టరు చూస్తానన్నాడు, తనకి ఆ రోజు పనుంది, నువ్వు తీసుకెళ్ళు అంది. రెండున్నర గంటల దారి.

మారిట్ ట్రక్కెక్కి తలుపు విసురుగా వేసింది. ఒక గంట దాకా కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నీకసలు ఏమైనా అనిపిస్తుందా? అమ్మ పోయినప్పుడు ఏడవలేదు. ఆవుల్ని అమ్మేసి కాఫీ తాగావు, చూశాను నేను. నన్ను టాలివర్‌కి అప్పజెప్పేసి వెళ్ళి పూలు పెట్టుకున్నావు! రాయివి నువ్వు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగాను దాచమని. దాచడానికి కూడా నీకు మనసు లేదు."

గొంతు చించుకుని అరుస్తోంది. నేను రోడ్డు చూస్తూ నడుపుతున్నాను. పక్కన ఎల్లోస్టోన్ నది, బురదగా, నిండుగా. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"తొమ్మిది రోజులు తలనొప్పి అంది మీ అమ్మ."

అది చటుక్కున నావైపు తిరిగింది.

"పోకముందు. తొమ్మిది రోజులు. వెలుతురు చూడలేకపోయేది. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. గడ్డి కోత అయ్యాక చూద్దాంలే, మారిట్‌కి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది, అంది. సరేనన్నాను."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒక్కసారి."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

నాలుగైదు మైళ్ళు పోయాక, "ఆపు," అంది. రోడ్డు పక్కన ఆపాను. దిగి, కాలవ దాటి, కంచె దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత దిగి వెళ్ళాను.

"దగ్గరికి రాకు."

రెండడుగుల దూరంలో ఆగాను. గాలి బాగా వీస్తోంది. అవతలి పొలంలో ఆవులు, వాటి పక్కన దూడలు, మమ్మల్ని చూసి మేత ఆపాయి.

"ఇంకెవరికి తెలుసు ఇది?"

"ఎవరికీ తెలీదు."

"కోరా అత్తకి?"

"తెలీదు. నీకే చెప్పాను."

మారిట్ ముక్కు చేతి వెనకతో తుడుచుకుంది. ఇటు తిరగలేదు.

"రెండు రోజుల్నుంచి మందు వేసుకోవట్లేదు నేను," అంది. "అందరి మీదా కోపమొచ్చి. చెప్తున్నాను. వింటున్నావా? చెప్తున్నాను నీకు."

"వింటున్నాను."

"సంచిలో ఉంది."

ట్రక్కు దగ్గరికెళ్ళి సంచిలోంచి సీసా తీశాను. నీళ్ళ డబ్బా మూత విప్పబోతే రాలేదు. నా చేతులు వణుకుతున్నాయి. మోచేతుల దాకా, పళ్ళు కొట్టుకునేంతగా. బొటనవేలి మీద పాత గాటు సలుపుతోంది. చలి కూడా వేస్తోంది. మూత ఎలాగో తీసి వెళ్ళేసరికి సగం నీళ్ళు నా బూట్ల మీదే పడ్డాయి. మారిట్ నా చేతుల వంక చూసింది. డబ్బా తనే అందుకుని మాత్ర మింగింది. మిగిలిన నీళ్ళు నాకిచ్చింది. తాగాను.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడే. ఫైలు తిరగేస్తూ, తలెత్తకుండా, "మందులు ఏ రోజూ మానలేదు కదా?" అని అడిగాడు.

మారిట్ ఒక్కసారి నావైపు చూసింది.

"మానాను," అంది. "రెండు రోజులు."